మొదటి నాలుగు పంక్తులు

సోమవారం

వీధుల శుభ్రత విభాగం పెద్దలకు,
మూడో అడ్డవీధి, పద్నాలుగో నంబరు ఇంటావిడ నమస్కారాలు.

మా ఇంటి ఎదురుగా ఉన్న చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. నిన్న ఒక్కరోజే గోనెసంచెడు రాలాయి. గాలి వీస్తే గడప దాకా వస్తున్నాయి. ఈ విషయంలో మీరు తప్పకుండా కలగజేసుకోవాలి.

కలగజేసుకోవడమంటే, ఏమీ చేయకుండా ఉండటం. వచ్చే పది రోజులు ఆ చెట్టు కింద దయచేసి ఊడ్వకండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. అసలు విషయానికి వచ్చేముందు నాలుగు వీధులు తిరిగి రావడం నాకు అలవాటు.

నేను పిల్లలకి బొమ్మల పుస్తకాలు చేస్తాను. నాకు ఊహాశక్తి లేదు. ఈ మాట బయటికి పొక్కితే నా పుస్తకాలు ముట్టుకునేవాళ్లుండరు కాబట్టి మీలోనే దాచుకోండి. నా కిటికీలోంచి ఏది కనిపిస్తే అదే గీస్తాను. కుళాయి గుంటలో కాపురం పెట్టిన కప్ప మీద ఒక పుస్తకం చేశాను. పక్కింటి దర్జీగారి కొలతల టేపు నమిలేసిన మేక మీద ఒకటి చేశాను. మొట్టమొదటి పుస్తకంలో ఒక కొంగ ఉంటుంది, దానికి తన ముక్కంటే సిగ్గు. ఆ కొంగ మా అక్క. ముక్కు కూడా అక్కదే.

అక్క మాటలు చెప్పేది, నేను బొమ్మలు వేసేదాన్ని. పేజీకి నాలుగు పంక్తులే. అంతకు మించితే పిల్లలు ఆవలిస్తారనేది. పోయిన ఏడాది సరిగ్గా ఇలా ఆకులు రాలే రోజుల్లో అక్క పోయింది. ఇది నేనొక్కదాన్నే చేస్తున్న మొదటి పుస్తకం.

ఇందులో కథానాయకుడు ఒక ఆకు. ఇంట్లో మేం ఆకుగారు అంటాం. మేం అంటే నేను. మొత్తం పదహారు పేజీలు. ఆకుగారు చిగురు వేశాడు, పచ్చబడ్డాడు, పిట్టతో పేచీ పడ్డాడు, పసుపుపచ్చగా మారాడు, పదమూడో పేజీలో కింద పడ్డాడు. పడి వారమైంది. ఆ తర్వాత ఎటు వెళ్తాడో నాకు తెలియదు. నేను ఎనిమిదింటికి గానీ లేవను, అప్పటికే మీ ఊడ్చే ఆవిడ వీధిని అద్దంలా చేసి వెళ్లిపోతుంది. అందుకని పది రోజులు ఆకుల్ని వాటి మానాన వదిలేస్తే, ఏమవుతాయో చూసి గీసుకుంటాను. నెలాఖరులోగా ఇవ్వకపోతే ఇక ఈ పుస్తకం ఊసు మర్చిపొమ్మని అచ్చువేసే ఆయన చెప్పేశాడు. ఆయన్ని అనడానికీ లేదు, ఏడాదిగా రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొస్తున్నాను. ఇది పూర్తి చేయలేకపోతే అక్క లేకుండా నేను ఏదీ చేయలేనని తేలిపోతుంది. నాకు అదే భయం.

ఇంతకీ ఆ చెట్టు మీరే నాటారో, ఏ కాకి విత్తనం పడేసిందో తెలియదు. మేం ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎదురుగా వట్టి గోడ ఉండేది. ఒకరోజు లేచి చూస్తే మోకాలెత్తు మొక్క నిలబడి ఉంది. ఇదెక్కడిది అని అక్కని అడిగితే, "దానికి మన వీధి నచ్చినట్టుంది" అంది.

ఉంటాను,
పిల్లల పుస్తకాల ఆవిడ

తా.క.: ఇదంతా నోటితో చెబుదామని మీ ఆఫీసుకి వచ్చాను. కిటికీ మీద 'విన్నపాలు ఉత్తరంలోనే' అని బోర్డు ఉంది. లోపల కళ్లజోడాయన తలెత్తకుండా ఆ బోర్డు వైపు వేలు చూపించి మళ్లీ రాతలో పడిపోయారు. వేలు చాలా బాగుంది. ఇంటికొచ్చి గీసుకున్నాను.


మంగళవారం

పద్నాలుగో నంబరు గృహస్థురాలికి,

తమ ఫిర్యాదు అందినది. 'ఆకులు తొలగించకపోవుట' అను శీర్షిక కింద 212వ నంబరుగా నమోదు చేయడమైనది. ఆకులు గడప దాకా వచ్చుచున్నవని తెలిసి విభాగం మిక్కిలి చింతించుచున్నది. సదరు వీధి ఊడ్చు ఉద్యోగినిని సంజాయిషీ అడగడమైనది. రేపటి నుంచి తమ ఇంటి ఎదుట ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊడ్చబడును. ఇకమీదట తమకు ఒక్క ఆకు కూడా కనిపించదని హామీ ఇవ్వడమైనది.

ఇట్లు,
హెడ్ గుమాస్తా,
వీధుల శుభ్రత విభాగం

తా.క.: మా విభాగంలో ఏ ఫిర్యాదూ తొమ్మిది రోజులు దాటి నిలిచిన దాఖలా లేదు. పదకొండేళ్లుగా ఇదే వరస. తమ ఫిర్యాదు మూడు గంటల్లో తేలిపోయినది. తమరు సంతోషిస్తారని తలుస్తాను.


శుక్రవారం

హెడ్ గుమాస్తాగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ వేగానికి ఏమనాలో తోచలేదు. మీరు రెండుసార్లు ఊడ్పించినా నా బాధ తీరలేదు సరికదా, ముదిరింది. చెట్టు నిండా ఇంకా బోలెడు ఆకులున్నాయి, అవన్నీ ఎప్పుడు రాలతాయా అని కిటికీ దగ్గరే కూర్చుని చూస్తున్నాను.

చూసి ఏం లాభం. రాలిన ఆకు రాలినట్టే మాయమైపోతోంది. అయ్యా, నేను ఊడ్వొద్దని కదా రాసింది. ఒకసారి ఊడిస్తేనే ఆకులు దొరక్క నేను ఏడుస్తుంటే, రెండోసారి కూడా పెట్టించారు. అడిగిందొకటి, పెట్టిందొకటి.

పోనీ ఆవిడతోనే నేరుగా మాట్లాడదామని బుధవారం ఐదింటికే లేచాను. నా జన్మలో ఐదు గంటలు ఎలా ఉంటాయో చూడటం అదే మొదలు. గేటు తీసేసరికి ఆవిడ చీపురు నేలకి ఆనించి నిలబడింది.

"అమ్మా, పద్దెనిమిదేళ్ల నుంచి ఊడుస్తున్నా ఈ వీధి. ఇన్నాళ్లలో ఒక్కళ్లు ఒక్క మాట అన్లేదు. మీరు నా మీద కాయితం పెట్టారంట," అంది.

"నేను నీ మీద ఏమీ పెట్టలేదమ్మా. ఊడ్వొద్దని మాత్రమే రాశాను," అన్నాను.

"ఊడ్చేదాన్ని ఊడ్వొద్దంటే నేనేం చెయ్యాలి? మీ ఇంట్లో కూర్చుని బొమ్మలెయ్యనా?"

మాట మార్చి, ఈ ఆకులు ఎక్కడికి తీసుకెళ్తావని అడిగాను. బండిలోకి అంది. బండి ఎక్కడికి వెళ్తుంది అన్నాను. వెనక్కి అంది. వెనక్కి అంటే ఎక్కడికి అన్నాను.

"వెనక్కంటే వెనక్కే. మీకెందుకమ్మా అదంతా, దాని మీద కూడా కాయితం పెడతారా?" అంది. అని, నా చెప్పుకి అంటుకున్న ఒకే ఒక్క ఆకుని కూడా చీపురుతో లాక్కుని పోయింది.

కాబట్టి మళ్లీ మనవి చేసుకుంటున్నాను. ఆవిడ తప్పేమీ లేదు, సంజాయిషీ అడగొద్దు. ఊడ్పించొద్దు. ఆకుగారు ఇంకా పదమూడో పేజీలోనే వెల్లకిలా పడుకుని నా వైపు చూస్తున్నాడు.

ఉంటాను,
పిల్లల పుస్తకాల ఆవిడ

తా.క.: మీకు ఆకులంటే వట్టి చెత్తలా కనిపిస్తున్నాయేమోనని ఏడు ఆకుల బొమ్మలు వేసి దీంతో పెడుతున్నాను. ఎత్తి పారేసేముందు ఒకసారి వాటి మొహాలు చూడండి. ఐదోదాన్ని మీరు ఎక్కడో చూసినట్టుంటుంది.


సోమవారం

పద్నాలుగో నంబరు గృహస్థురాలికి,

తమ బాధ ముదిరినట్లు, చెట్టున మిగిలిన ఆకులన్నియు ఎప్పుడు రాలునా అని తమరు కిటికీ వద్ద కూర్చుని ఎదురుచూచుచున్నట్లు గ్రహించడమైనది. తమవంటి వారిని అంతకాలం కూర్చోబెట్టడం విభాగానికి మర్యాద కాదు. అందుచేత, ఆకులు వాటంతట అవి రాలేదాకా ఆగనవసరం లేకుండా, బుధవారం ఉదయం నలుగురు మనుషులు గెడలతో వచ్చి సదరు చెట్టును దులిపి వెళ్లగలరు. ఆకులు అప్పటికప్పుడే రెండు బండ్లలో తరలించబడును.

ఇట్లు,
హెడ్ గుమాస్తా

తా.క.: జతచేసిన ఏడు బొమ్మలను సాక్ష్యాలుగా ఫైలులో భద్రపరచవలసి ఉండగా, మా టైపిస్టు వాటిని తన బల్ల ఎదుటి గోడకు అంటించినది. ఐదో ఆకుకు కళ్లజోడు, చాచిన వేలు ఉన్నవి. అది ఎవరని ఆఫీసులో చర్చ జరిగినది. నేను కాదని స్పష్టం చేశాను. ఎవరూ నమ్మలేదు.


గురువారం

హెడ్ గుమాస్తాగారికి,

నిన్న మీ మనుషులు వచ్చి వెళ్లాక కూర్చుని ఏడ్చాను. ఇదంతా ఆ చెట్టు మూలంగానే వచ్చింది. ఆ చెట్టే లేకపోతే నేను మీకు ఉత్తరాలు రాసేదాన్నీ కాదు, ఇన్ని తిప్పలు పడేదాన్నీ కాదు. ఇంక నావల్ల కాదు, దీనికి ముగింపేమిటో మీరే చూడాలి.

ముగింపంటే నా పుస్తకానికి. నా వల్ల కావడం లేదు కాబట్టి అడుగుతున్నాను.

మీ వాళ్లు నలుగురూ మర్యాదస్తులే. "అమ్మగారూ, పక్కకి జరగండి, మీద పడతాయి" అంటూనే దులిపారు. నేను ఆపమంటే, "మీరే కదమ్మా రాసింది" అని కాయితం చూపించారు. గెడలు అందినంత మేర కొమ్మలు బోడిగా మిగిలాయి, పైన మాత్రం ఆకులు అలాగే ఉన్నాయి. సగం క్షౌరం చేసి మంగలి టీ తాగడానికి వెళ్లిపోయినట్టుంది మా చెట్టు. పిట్ట ఒకటి వచ్చి ఇల్లు ఇదేనా కాదా అని రెండుసార్లు చుట్టూ తిరిగి చూసుకుంది.

రెండు బండ్లు వెళ్లిపోతుంటే వెనకాలే పరిగెత్తాను, కనీసం ఎటు వెళ్తాయో చూద్దామని. వీధి చివర చెప్పు తెగింది. దర్జీగారు కొట్లోంచి చూసి, "ఏమ్మా, ఏం పోయింది?" అన్నారు. ఆకులు అన్నాను. ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఈ వారంలో పద్నాలుగో పేజీ మూడు రకాలుగా వేశాను. ఒకదాంట్లో ఆకుగారు సముద్రానికి వెళ్లాడు. ఒకదాంట్లో బడికి వెళ్లి పలక మీద కూర్చున్నాడు. ఒకదాంట్లో గాలి ఎత్తుకుపోయి చుక్కల్లో పెట్టింది. అన్నీ అబద్ధాలే. చూడంది గీస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, పట్టేసి పుస్తకం మూసేస్తారు. అక్క ఉంటే మూడూ ముక్కు కింద పెట్టుకుని చూసి, "చెల్లీ, నువ్వు అక్కడికి వెళ్లావా?" అని ఒకే మాట అడిగేది. అక్క లేదు. ఆ మాట నన్ను నేనే అడుక్కోవాల్సి వస్తోంది, అది అంత బాగా వినపడటం లేదు.

ఉంటాను,
పిల్లల పుస్తకాల ఆవిడ

తా.క.: నాకొక అనుమానం. మీరు నా ఉత్తరాలు చివరిదాకా చదువుతున్నారా? చదువుతుంటే ఈసారి జవాబులో ఎక్కడైనా సరే 'గుమ్మడికాయ' అన్న మాట రాయండి. సందర్భం లేకపోయినా పరవాలేదు.


శుక్రవారం

పద్నాలుగో నంబరు గృహస్థురాలికి,

తమ కన్నీటికి కారణం సదరు చెట్టేననియు, అది లేకపోయినచో తమకు ఈ తిప్పలు ఉండవనియు, దీనికి విభాగమే ముగింపు చూడవలెననియు తమరు రాసినది చదివి అందరమూ బాధపడినాము. ఆకులతో సరిపెట్టడం మా పొరపాటు. మూలం చూడవలసినది. అందుచేత సదరు చెట్టును వచ్చే బుధవారం ఉదయం పది గంటలకు మొదలంటా కొట్టివేయుటకు ఉత్తర్వు జారీ అయినది. ఆ సమయంలో కిటికీ మూసి ఉంచవలసినదిగా కోరడమైనది. దుమ్ము లేచును.

విభాగ నియమాల ప్రతి ఒకటి తమ సౌకర్యార్థం జతచేయడమైనది. ముఖ్యంగా రెండు నియమాలు గమనించగలరు.

మూడో నియమం: పని ఒత్తిడి దృష్ట్యా ఏ ఫిర్యాదునైనను మొదటి నాలుగు పంక్తులు మాత్రమే చదవబడును. విషయమంతయు అందులోనే ఇమడ్చవలెను.

ఏడో నియమం: ఒకే ఇంటి నంబరు నుంచి ఒకే విషయమై ఒకదానికొకటి పొసగని విన్నపాలు వచ్చినచో, మొదట వచ్చినదే చెల్లును.

ఇట్లు,
హెడ్ గుమాస్తా

తా.క.: టైపిస్టు ఐదో ఆకు కింద నా హోదా రాసి పెట్టినది. చెరిపించాను. మళ్లీ రాసినది.


సోమవారం

హెడ్ గుమాస్తాగారికి,

చెట్టు కొట్టొద్దు. నేను ఏనాడూ ఆ చెట్టు మీద ఫిర్యాదు చేయలేదు.
ఆకులు ఊడ్వొద్దని అడిగితే ఊడ్చారు, దులపమని అడక్కుండానే దులిపారు.
నా మూడు ఉత్తరాలూ బయటికి తీసి ఐదో పంక్తి నుంచి చదవండి.
బుధవారం మీ వాళ్లు వచ్చేసరికి నేను చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాను.

ఉంటాను,
పిల్లల పుస్తకాల ఆవిడ

తా.క.: ఈ నాలుగు పంక్తులకీ నాకు రెండు రోజులు పట్టింది. పదకొండు కాయితాలు చించాను. అక్కయితే టీ చల్లారేలోపు రాసి పడేసేది. మీ మూడో నియమం చదివి ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. అక్కదీ అదే నియమం కదా. నేను ఏదైనా చెప్పబోతే, "చెల్లీ, నాలుగు పంక్తుల్లో చెప్పు, మిగతాది బొమ్మ వెయ్యి" అనేది. ముప్పై ఏళ్లు చెప్పింది. నేను నేర్చుకోలేదు. మాటల పని అక్కది కదా, నాకెందుకులే అనుకున్నాను. మీ ఏడో నియమం కూడా చదివాను. నా మొదటి ఉత్తరమే చెల్లుతుంది, ఇది చెల్లదు. తెలిసే రాస్తున్నాను. చెట్టు పోతే ఆకుగారి కథ పదమూడో పేజీతో సరి. ఒకవేళ చెట్టు ఉండి, నేను బొమ్మలన్నీ ఎలాగో పూర్తి చేసినా, ఆఖరి పేజీకి నాలుగు పంక్తులు చెప్పేవాళ్లు లేరు.

రెండో తా.క.: గుమ్మడికాయ రాలేదు. నాకు అర్థమైంది.


మంగళవారం

పద్నాలుగో నంబరు అమ్మగారికి,

గుమ్మడికాయ.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నిన్న మధ్యాహ్నం నుంచి నేను భుజాలు తడుముకుంటూనే ఉన్నాను. ఈ ఉత్తరం ఆఫీసు భాషలో రాయడం నాకు చేతకావడం లేదు, మన్నించండి.

మీ నాలుగు పంక్తులు చదివాను. మూడో పంక్తిలో చెప్పినట్టు పాత ఉత్తరాలు బయటికి తీశాను. మూడో నియమం వచ్చాక నేను ఐదో పంక్తికి వెళ్లడం ఇదే మొదటిసారి. టైపిస్టు పైకి చదివింది. సంజాయిషీ ఇవ్వడానికి వచ్చిన ఊడ్చే ఆవిడ గుమ్మంలో నిలబడి వింది. "మీ ఇంట్లో కూర్చుని బొమ్మలెయ్యనా" దగ్గర ముగ్గురం నవ్వాం. మీ అక్కగారి గురించి వచ్చినప్పుడు టైపిస్టు చదవలేకపోయింది, మిగతాది నేను చదివాను. అంతా అయ్యాక ఊడ్చే ఆవిడ, "అయితే ఆయమ్మ నా మీద కాయితం పెట్టలేదన్నమాట. నేనే చెప్పు మీది ఆకు కూడా లాక్కొచ్చేశా," అంది.

చెట్టు కొట్టే ఉత్తర్వు అప్పుడే చించేద్దామనుకున్నాను. ఏడో నియమం అడ్డం వచ్చింది. 212 ముందు వచ్చింది, అది ఫిర్యాదుగా నమోదైంది, కాబట్టి అదే చెల్లాలి. ఆ నియమం రాసింది నేనే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు.

రాత్రంతా ఆలోచిస్తే తెల్లవారుజామున ఒకటి తట్టింది. మీ ఇంటి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం 212 అని మాకు ఎలా తెలుసు? పాత రిజిస్టర్లు చూడాలి. అవి ఉండే గది ఆఫీసు వెనక ఉంది. తాళంచెవి ఊడ్చే ఆవిడ దగ్గర ఉంటుంది. ఇవాళ పొద్దున్నే ఆవిడ బండి వెంటే నడిచి వెళ్లాను. ఇన్నేళ్లలో నేను వెనక్కి వెళ్లలేదు. నా కుర్చీ ముందువైపు.

మీరు అడిగారు కదా, వెనక్కి అంటే ఎక్కడికని. వెనక మూడు గోతులున్నాయి. ఒకదాంట్లో ఈ ఏటి ఆకులు. గురువారం నాటికే నిండిపోయిందట, సగం మీ చెట్టువే. రెండోదాంట్లో పోయిన ఏటివి. ఆకులా కాదు, మట్టిలా కాదు, రెంటికీ మధ్యలో ఉన్నాయి. మూడోది నల్లటి మట్టి, చేత్తో తీస్తే పొడిపొడిగా రాలుతుంది, వాన పడ్డ వాసన వస్తుంది. తోటపని ఆయన ఆ మట్టి కుండీల్లో పోసి మొక్కలు పెంచుతున్నాడు. ఎవరికోసం అని అడిగాను. "మీరే కదండీ పంపేది, మా వీధిలో చెట్టు లేదని రాసినవాళ్లకి" అన్నాడు. నేను సంతకం పెట్టి పంపే మొక్కలు నేను ఊడ్పించిన ఆకుల్లోంచి వస్తున్నాయని నాకు ఇవాళే తెలిసింది. మొదటి గోతి దగ్గర కాసేపు నిలబడి ఆకులకి మొహాలున్నాయా అని చూశాను. రెండు మూడింటికి ఉన్నాయి.

తర్వాత రిజిస్టర్లు తీశాం. ఇరవై రెండేళ్ల కిందటిది దొరికింది. ఫిర్యాదు నంబరు 41, మూడో అడ్డవీధి, పద్నాలుగో నంబరు ఇల్లు. నమోదు చేసిన చేతిరాత నాదే, అప్పుడు నేను చిన్న గుమాస్తాని. ఉత్తరం దానికే పిన్ను పెట్టి ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

అయ్యా, మా వీధిలో ఒక్క చెట్టూ లేదు.
మా చెల్లెలు కిటికీలోంచి కనిపించిందే గీస్తుంది, కనిపించేది ఎదుటి గోడ.
గోడ అయిపోయి ఇప్పుడు నన్ను గీస్తోంది, నా ముక్కు నలభైసార్లు గీసింది.
దయచేసి వెంటనే ఒక చెట్టు నాటించండి.

మూడో రోజుకే మొక్క నాటించినట్టు పక్కన రాసి ఉంది. ఆ మొక్క కూడా ఈ వెనక గోతిదే. అప్పటి మా అధికారి ఈ ఉత్తరం చేత్తో పట్టుకుని బల్లబల్లకీ తిరగడం నాకిప్పుడు గుర్తొచ్చింది. "ఇంత విషయం నాలుగు పంక్తుల్లో చెప్పొచ్చు కదా, మిగతావాళ్లు పేజీలకి పేజీలు ఎందుకు నింపుతారు" అన్నారు. ఆ నెలలోనే మా మూడో నియమం పుట్టింది. మీ అక్కగారి మూలంగా మేం ఇన్నేళ్లు ఎవరి ఉత్తరమూ పూర్తిగా చదవలేదన్నమాట. తప్పు ఆవిడది కాదు. అందరూ ఆవిడలా రాస్తారనుకోవడం మాది.

ఏడో నియమం ప్రకారం పద్నాలుగో నంబరు నుంచి మొదట వచ్చిన విన్నపం 'చెట్టు కావాలి' అన్నది. అదే చెల్లుతుంది. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఏం వచ్చినా, మేం ఏం అర్థం చేసుకున్నా, చెట్టు ఉంటుంది. రేపు ఎవరూ రారు. కుర్చీ మాత్రం వేసుకోండి, గీసుకోవడానికి పనికొస్తుంది.

ఫిర్యాదులు నమోదు చేసే మా పత్రంలో పదకొండు శీర్షికలే ఉండేవి. ఇవాళ చేత్తో పన్నెండోది రాశాను, 'ఊడ్వవద్దని విన్నపం' అని. దాని కింద మీది ఒకటో నంబరు. పైకొమ్మల్లో మిగిలిన ఆకులు రాలినచోటే పది రోజులు ఉంటాయి. ఊడ్చే ఆవిడ రోజూ వచ్చి చూసి వెళ్తానంది. వేరే ఎవరైనా ఆ చెట్టు కింద చీపురు వేస్తే ఊరుకోనంది. పదకొండో రోజు పొద్దున బండి మీద మీకు చోటు ఉంచుతానని కూడా చెప్పమంది. ఐదున్నరకి గేటు దగ్గర ఉండాలట. ఆకుగారి వెంట మీరే వెళ్లి చూసి గీయొచ్చు. అప్పటికి నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంటాయి.

ఆఖరి పేజీకి నాలుగు పంక్తులు చెప్పేవాళ్లు లేరని రాశారు. నాకు పుస్తకాల సంగతి తెలియదు. పైన నేను ఎత్తి రాసినవి సరిపోతాయేమో చూడండి.

ఇట్లు,
మీ ఐదో ఆకు

తా.క.: ఒప్పుకుంటున్నాను. కళ్లజోడు మాత్రం కొంచెం చిన్నది గీయండి.

రెండో తా.క.: మీ అక్కగారి ఉత్తరానికి కూడా ఒక తోక ఉంది. కాయితం వెనకవైపు. నాలుగు పంక్తులు చూసి మురిసిపోయి అప్పట్లో ఎవరం తిప్పి చూడలేదు. "తా.క.: అడిగింది నేనని మా చెల్లికి చెప్పకండి. చెట్టు తనంతట తనే వచ్చిందనుకుంటేనే అది ఇష్టంగా గీస్తుంది" అని ఉంది. చదవలేదు కాబట్టి ఇరవై రెండేళ్లు ఆ మాట నిలబెట్టాం. ఇవాళ పొద్దున చదివాను, సాయంత్రానికి మీకు చెప్పేశాను. అక్కగారు నన్ను క్షమించాలి.